కౌంటర్ మీది ఎండ

కడపలో నాకు మందుల షాపుంది. పొద్దున ఎనిమిదికి షట్టర్ ఎత్తితే రాత్రి పదిన్నరకు దించుతాను. మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్లినప్పుడు మా ఆవిడ వచ్చి కూర్చుంటుంది. ఆమె కూడా డి.ఫార్మసీ చదివింది కాబట్టి ఆ గంటన్నర నాకు దిగులుండదు. ఆదివారం రెండింటికే మూసేస్తాం. మూశాక డిస్ట్రిబ్యూటర్ల బిల్లులు, ఎక్స్‌పైరీ సరుకు వేరుచేయడం, పిల్లల హోంవర్కు, పక్షవాతంతో మంచం పట్టిన నాన్న పనులు. ఇంత పనిలో కిందటేడాది జనవరి నుంచి డిసెంబరు దాకా వారానికో ఫోటో తీశాను. అది ఎట్లా కుదిరిందో, ఎక్కడ కుదరలేదో రాద్దామనిపించింది.

డి.ఫార్మసీలో నాతో చదివిన స్నేహితుడు ఒకడు బెంగళూరులో ఉంటాడు. వాడే మొదలుపెట్టాడు. పాత స్నేహితులం ఐదుగురం. ప్రతి సోమవారం పొద్దున ఆరు గంటలకు వాడు వాట్సాప్‌లో ఒక మాట పంపిస్తాడు. నీడ, ఇనుము, చేతులు, నలుపు, ఇట్లా. ఆదివారం రాత్రి పదిలోగా ఆ మాటకు తగిన ఫోటో ఒకటి, ఒక్కటే, పెట్టాలి. ఆ వారంలో తీసిందే అయ్యుండాలి, పాతది తవ్వి తీయకూడదు. ఫోనైనా కెమెరా అయినా సరే. ఏడాదికి 52 ఫోటోలు.

నా దగ్గర 2017లో కంతుల మీద కొన్న కెనాన్ 1300డి ఉంది. పాప రెండో పుట్టినరోజుకు కొన్నాను. నాలుగైదు ఫంక్షన్లు తీశాక అది బీరువాలో దుప్పట్ల కింద పడిపోయింది. దాన్ని బయటికి తీసి బ్యాటరీ ఛార్జింగ్ పెట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చాలా ఏళ్ల తర్వాత, సంపాదనతో సంబంధం లేని ఒక పని నా చేతికొచ్చింది.

మొదటి ఐదారు వారాలు తప్పుగా ఆలోచించాను. ఫోటో అంటే ఎక్కడికో పోవాలనుకున్నాను. ఫిబ్రవరిలో ‘లోతు’ అనే మాట వచ్చింది. మన జిల్లాలో లోతు అంటే గండికోటే కదా. ఆదివారం షాపు మా ఆవిడకు అప్పగించి తొమ్మిదికి బండి తీశాను. జమ్మలమడుగు మీదుగా కోట చేరేసరికి పదకొండున్నర. పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన ఆ లోయను కళ్లతో చూస్తే కాళ్లు వణుకుతాయి. కెమెరా వెనక తెరలో చూస్తే మాత్రం ఎర్రటి గోడకు సున్నం కొట్టినట్టు చదునుగా ఉంది. అరవై ఫోటోలు తీశాను. అరవైలోనూ లోతు లేదు.

కారణం ఇంటికొచ్చాక తెలిసింది. ఫోటోలో లోతు తెలియజేసేది ముఖ్యంగా నీడ. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు నీడలన్నీ రాళ్ల కిందికి ముడుచుకుపోతాయి. అప్పుడు బండకూ బండకూ మధ్య ఎంత ఖాళీ ఉందో కెమెరాకు చెప్పే ఆధారం ఉండదు. ఎండ పక్కనుంచి పడితేనే మిట్టలు మిట్టలుగా, పల్లాలు పల్లాలుగా కనిపిస్తాయి. అది పొద్దున, లేదంటే సాయంత్రం. ఇంత చిన్న సంగతి తెలియక ఒక ఆదివారం వ్యాపారం, పెట్రోలు, మా ఆవిడ విశ్రాంతి అన్నీ పోయాయి.

ఆ సాయంత్రం ఐదున్నరకు పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే అమ్మ రోలు కనపడింది. పప్పులపొడి దంచీ దంచీ గుంట నున్నగా అద్దంలా అయిపోయిన రోలు. పడమటి ఎండ దాని అంచు మీంచి లోపలికి ఏటవాలుగా జారుతోంది. సగం గుంట వెలుగు, సగం చీకటి. అడుగున ఎక్కడుందో తెలియకుండా ఒక మిరపగింజ. ఫోనుతోనే తీశాను, నిమిషం పట్టలేదు. ఆ వారం పెట్టింది అదే.

అప్పట్నుంచి నాకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. సోమవారం వచ్చిన మాటను షాపు తెరిచేటప్పుడు బిల్లు పుస్తకం వెనక అట్ట మీద పెన్నుతో రాస్తాను. మొదటి రెండు రోజులు ఏమీ తీయను. మాట మాత్రం మనసులో తిరుగుతూ ఉంటుంది. బుధవారం రాత్రి లోపల ఎట్లాగోట్లా ఒక ఫోటో చేతిలో ఉండాలి, బాగున్నా బాగలేకున్నా. అది ఉంటే టెన్షన్ ఉండదు. ఆదివారం దాకా అంతకన్నా మంచిది దొరికితే మారుస్తాను, లేదంటే అదే పెడతాను. ఎవరైనా కొత్తగా ఇట్లాంటిది మొదలుపెడితే నేను చెప్పే మాట ఇదొక్కటే, బుధవారం ఫోటో. ఆదివారానికి వాయిదా వేసిన ప్రతిసారీ ఆదివారం ఏదో ఒక పని నెత్తిన పడింది.

ఇక వెలుతురు సంగతి. నా షాపు తూర్పు ముఖం. ఎదురుగా రెండంతస్తుల మిద్దె. జనవరిలో దాని పిట్టగోడ దాటి ఎండ నా షాపులోకి వచ్చేసరికి ఎనిమిదీ ఇరవై అవుతుంది. అరగంట ఉండి పోతుంది. పదమూడేళ్లుగా ఆ ఎండ నాకొక ఇబ్బంది. సిరప్పుల మీద, ఇన్సులిన్ ఫ్రిజ్ మీద పడకూడదని గోనెపట్టా దించేవాడిని. ‘గాజు’ అనే మాట వచ్చిన వారం పట్టా దించబోయి ఆగాను. ఎడమచేతి వైపు ర్యాకు మీద బ్రౌన్ రంగు సీసాలు వరసగా ఉన్నాయి. వాటిలోంచి ఎండ దూరి వెనక గోడ మీద తేనె రంగు గీతలు పడుతున్నాయి. ఆ గోడకు అంత అందం ఉందని నాకు తెలియదు. పట్టా దించడం ఆరోజు పది నిమిషాలు ఆలస్యమైంది.

అప్పట్నుంచి ఆ ఎండను గమనించడం మొదలుపెట్టాను. జనవరిలో ఎడమ ర్యాకు మీద పడిన ఎండ, మార్చి నాటికి జరుగుతూ జరుగుతూ కౌంటర్ నడిమధ్యకు వచ్చింది. జూన్ వచ్చేసరికి కుడిచేతి ర్యాకు మీదికి పోయింది. సూర్యుడు చలికాలంలో ఆగ్నేయం వైపు, వేసవిలో ఈశాన్యం వైపు ఉదయిస్తాడని చిన్నప్పుడు చదువుకున్నదే. ఉత్తరాయణం, దక్షిణాయనం అని పంచాంగంలో చూస్తున్నదే. అది నా కౌంటర్ మీద, పారాసెటమాల్ డబ్బాల మీదుగా నడిచి వెళ్తుందని ఎప్పుడూ అనుకోలేదు. జూన్‌లో సూర్యుడు తొందరగా పైకెక్కేస్తాడు, నేను ఎనిమిదికి వచ్చేసరికే ఎండ గడప దగ్గరికి తగ్గిపోయేది. ఒక వారం దానికోసమే ఏడింటికి తెరిచాను. ఆ గంటలో ఇద్దరు గిరాకీలు కూడా వచ్చారు.

‘చేతులు’ వారం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. బీపీ మాత్రల కోసం నెలనెలా వచ్చే ఒక అవ్వ ఉంది. కొంగుముడి విప్పి డబ్బులు తీసి, నోట్లు ఒక్కొక్కటీ బొటనవేలితో రుద్ది లెక్కపెడుతుంది. చెనిక్కాయ చేలల్లో కూలి చేసిన చేతులు. వేళ్ల కణుపులు ఉబ్బి, గోళ్లలో మన్ను ఇంకిపోయి ఉంటాయి. ఆ చేతులు తీయాలని ఉంది, అడగడానికి నోరు రావడం లేదు. చివరికి అడిగాను.

“అవ్వా, నీ చేతులు ఒక ఫోటో తీసుకోనా?”

“ఈ చేతులు ఎందుకు నాయినా? ఏముండాది వీటిల్లో?”

“బాగుండాయి అవ్వా.”

ఆమె నవ్వి, ఎందుకో కొంగుతో చేతులు తుడుచుకుని, కౌంటర్ మీద బోర్లా పెట్టింది. నేను ముందు మాత్రల స్ట్రిప్పు, చీటీ రెండూ పక్కకు తీసేశాను. మొదటి వారమే నేను పెట్టుకున్న నియమం అది. నా షాపులో ఎవరి ఫోటో తీసినా వాళ్లు కొనే మందు కనపడకూడదు. ఎవరు ఏ మాత్ర మింగుతున్నారో నాకు తెలుసు, అది నా దగ్గరే ఉండాలి. ఆ స్ట్రిప్పు ఉంటే ఫోటో ఇంకా బాగుండేదని స్నేహితులు అన్నారు. ఉండొచ్చు.

ఫోటోను పక్క వీధి స్టూడియోలో కార్డు సైజు ప్రింటు తీయించి, మరుసటి నెల ఆమె వచ్చినప్పుడు ఇచ్చాను. అద్దాలు లేకుండా కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. “ఇవి మా యమ్మ చేతులు మాదిరే ఉండాయే” అంది. కాసేపయ్యాక, “మొగం గూడా తీస్తావా నాయినా? నాకు ఆధార్ కార్డు ఫోటో తప్ప ఇంకోటి లేదు” అంది. మర్నాడు పొద్దున ఎనిమిదీ ఇరవైకి రమ్మన్నాను. గంట ముందే వచ్చి మెట్టు మీద కూర్చుంది, తలకు నూనె రాసి దువ్వుకుని, ముతక చీరైనా ఉతికి కట్టుకుని. కౌంటర్ మీది ఎండ ఆమె చెంపకు తగిలేట్టు నిలబెట్టి తీశాను. అది ఏ మాటకూ తీసింది కాదు, ఎవరికీ పంపలేదు. ఏడాది మొత్తంలో నేను తీసిన మంచి ఫోటో అదే అని నా నమ్మకం. రెండు ప్రింట్లు తీయించి రెండూ ఆమెకే ఇచ్చాను.

కొన్ని వారాలు చేతిపని నేర్పాయి. ‘ఎరుపు’కి అందరూ మిరపకాయలే అనుకుంటారు. నేను కారం దోశ అనుకున్నాను. పొద్దున ఏడింటికి బండి దగ్గర మాస్టరు దోశ మీద ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లుతుంటే తీశాను. ఫోటోలో ఎరుపు మట్టిరంగుకు తిరిగింది. పైన ఉన్న ట్యూబ్‌లైటు, పక్కనుంచి వచ్చే ఆకాశపు వెలుతురు రెండూ కలిసి కెమెరాను మోసం చేశాయి. వెలుతురును బట్టి ఫోటో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేయకుండా మనమే పెట్టాలని అక్కడ తెలిసింది. మూడో రోజుకి కారం కారంలా వచ్చింది. మూడు రోజులూ దోశలు తిన్నాను, అది వేరే లాభం.

‘కదలిక’ వారం రాత్రి షాపు మూశాక ఏడురోడ్ల కూడలి దగ్గర నిలబడ్డాను. షట్టర్ స్పీడు, అంటే కెమెరా కన్ను తెరిచి ఉండే సమయం, సెకనులో 30వ వంతు పెట్టి, వచ్చే ఆటోను లెన్సులో పట్టుకుని దానితోపాటు నడుము తిప్పుతూ నొక్కాలి. నొక్కాక కూడా తిప్పడం ఆపకూడదు. అప్పుడు ఆటో స్పష్టంగా, వెనక దుకాణాల దీపాలు గీతలుగా వస్తాయి. చెప్పినంత సులువు కాదు. డెబ్బై సార్లు నొక్కితే మూడు నిలిచాయి. ఒక ఆటో అన్న బండి ఆపి, “ఏందన్నా, చలానా రాస్తాండావా?” అని అడిగాడు. సంగతి చెప్పాక నాకోసం ఇంకో రెండు చుట్లు వేశాడు. నిలిచిన మూడింటిలో రెండు ఆయనవే.

‘నలుపు’ వారానికి బయటికే పోలేదు. మా ఇంటి నేల కడప బండలే, తాత కాలంలో పరిచినవి. అమ్మ నడిచే దారి, వంటింటి నుంచి పూజ గది దాకా, మిగతా నేల కన్నా నున్నగా ఉంటుంది. తుడిచిన వెంటనే, తడి ఆరకముందు, కిటికీ ఊచలు ఆ దారిలో మాత్రమే తేటగా కనపడతాయి. మిగతా చోట మసక. కెమెరా దాన్ని బూడిద రంగులో చూపిస్తోంది. కెమెరా లెక్కకు లోకమంతా నడిమి రంగులో ఉండాలి. నల్లటిది నిండుగా ముందుంటే వెలుతురు చాలలేదనుకుని పెంచేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను మనమే ఒక మెట్టు తగ్గించాలి. మైనస్ ఒకటి పెట్టగానే బండ బండలా నల్లగా దిగింది. నేను నేల మీద బోర్లా పడుకుని తీస్తుంటే అమ్మ నా మీంచి దాటకుండా చుట్టూ తిరిగి పోయింది. మనిషిని దాటకూడదని ఆమె పట్టింపు. ఆమె నడవని ఆ రెండు నిమిషాల్లోనే నేల ఆరిపోయింది, ఆమే మళ్లీ తడిగుడ్డ పెట్టింది.

ఉగాది వారం వచ్చిన మాట ‘గడప’. ఉగాది రోజు దేవుని కడపలో వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వచ్చి కొబ్బరికాయలు కొడతారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచని, స్వామి తమ అల్లుడని వాళ్ల నమ్మకం. మా వీధి భాయ్ కుటుంబంతో కలిసి తెల్లవారుజామునే వెళ్లాను. లోపల ఫోటోలు తీయలేదు. బయట వాకిట్లో, బుర్ఖా వేసుకున్న ఒక పెద్దమ్మ పళ్లెంలో కొబ్బరికాయ, బెల్లం పెట్టుకుని గుడివైపు చూస్తూ నిలబడితే, అడిగి వెనకనుంచి తీశాను. తొమ్మిదికల్లా షాపులో ఉన్నాను. పక్షుల వారం మాత్రం చేతులెత్తేశాను. మన జిల్లాకు కలివికోడి పేరుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిపోయిందనుకున్న ఆ పిట్ట 1986లో సిద్ధవటం వైపు అడవుల్లో మళ్లీ దొరికింది. రాత్రిళ్లు తిరిగే పిట్ట. షాపు ముందు వాలే పావురమే ఫోనుకు అందనప్పుడు దాని మాట ఎందుకు? మెట్టు మీద రాలిన ఈక తీసి పెట్టాను.

జులైలో నాన్నకు ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చాం. ఆ సోమవారం వచ్చిన మాట ‘ఎదురుచూపు’. చూసి ఫోను జేబులో పెట్టేశాను. మూడో రాత్రి ఐసీయూ బయట కూర్చున్నాను. వరండాలో ఒకే ఒక ప్లగ్ పాయింటు. ఎవరో తెచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఆరు ఛార్జర్లు గుచ్చి ఉన్నాయి. ఆరు ఫోన్లు నేల మీద వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. లోపల్నుంచి ఏ కబురు వస్తుందో, ఊరి నుంచి ఎవరు చేస్తారో, ఫోను ఆగిపోకూడదని అందరి భయం. ఏదో ఒకటి వెలగగానే ఆరుగురం ఒకేసారి వంగి చూస్తున్నాం. మనుషులెవరూ పడకుండా ఆ ఆరు ఫోన్లను తీశాను. వాటిలో ఒకటి నాన్నది, నాది చేతిలో ఉంది కదా. తీయడం తప్పేమో అని కాసేపు మనసు పీకింది. పక్కన కూర్చున్నాయన అడిగితే చూపించాను. ఆయన చూసి తలూపి, “పెట్టుకో” అన్నాడు.

తర్వాతి వారం ఏమీ తీయలేదు. ఆ పై వారమూ తీయలేదు. నాన్న ఇంటికొచ్చాక స్నేహితుడికి ఫోన్ చేసి, ఇక నావల్ల కాదురా అన్నాను. వాడు బతిమాలలేదు. “పోయిన వారాలు పోయాయి, వాటిని పూడ్చొద్దు. ఈ వారం మాట ‘తాడు’” అన్నాడు. నాన్న మంచానికి అమ్మ కట్టిన తాడు ఉంది, దాన్ని పట్టుకునే ఆయన లేచి కూర్చుంటాడు. పట్టుకునీ పట్టుకునీ ఒక జానెడు మేర తాడు నల్లగా నిగనిగలాడుతోంది. అట్లా మళ్లీ మొదలైంది. మొత్తం 52లో నావి 50.

నవంబరులో ‘రాయి’ వచ్చింది. ఈసారి తెల్లవారుజామున మూడున్నరకు బయల్దేరాను. ఆరు లోపలే గండికోట లోయ అంచున కూర్చున్నాను. ఎండ పక్కనుంచి వచ్చి రాతి పొరలను ఒక్కొక్కటిగా ముట్టుకుంటూ కిందికి దిగింది. పేర్చిన పుస్తకాల్లా ఒక్కో పొర కింద ఒక్కో సన్నటి నీడ. ఎనిమిది ఫోటోలే తీశాను. మిగతా సమయం ఊరికే చూశాను. పదిలోపల కౌంటర్ దగ్గరున్నాను.

డిసెంబరు చివరి వారం మాటలు అయిపోయాయి. స్నేహితుడు చివరిదిగా ఏ మాటా పంపలేదు, మీకు నచ్చింది తీయమన్నాడు. ఎండ మళ్లీ ఎడమ ర్యాకు మీదికి వచ్చేసింది. జనవరిలో ‘గాజు’కి నిలబడ్డ చోటే నిలబడి, అదే ఎత్తులో, ఎనిమిదీ ఇరవైకి తీశాను. రాత్రి రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి పాపకు చూపించాను.

“రెండూ ఒకటే కదా నాన్నా?”

ఫోటోను పెద్దది చేసి చూపించాను. గోడ మీద తేనె రంగు గీతలు అక్కడే ఉన్నాయి. సీసాలు అదే కంపెనీవి, అదే వరసలో ఉన్నాయి. వాటి మీద బ్యాచ్ నంబర్లు మాత్రం వేరు. అది తనే కనిపెట్టి, రెండు నంబర్లూ పైకి చదివింది.